బ్రేకులకు నువ్వుల నూనె

మా ఇంట్లో ఇనుము మీద తుప్పు కనిపించడమంటే పరువు పోవడమే. పత్తర్‌గట్టి వెనక సందులో మా దుకాణం. పెనాలు, కడాయిలు, గంటెలు, తాళాలు, అన్నీ ఇనుపవే. సాయంత్రం షట్టరు దించే ముందు బాపు నువ్వుల నూనె గుడ్డ పట్టుకుని ఒక్కో సరుకునూ తుడుస్తాడు. వానాకాలంలో పొద్దున కూడా తుడుస్తాడు. పెళ్లయిన కొత్తలో మా అమ్మ ఆయన చొక్కా మీద ఆ వాసన చూసి, ఈయన నాకోసం పిండివంటలేవో కట్టించుకొచ్చాడని మురిసిపోయిందట. ఆ మాట ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

అలాంటి ఇంట్లో పుట్టిన నాకు కార్ల పిచ్చి పట్టింది. మామూలు కార్లు కాదు, చూడటానికి చిన్నగా ఉండి, కాలు ఆనించగానే వీపు సీటుకు అతుక్కుపోయే రకం. అలాంటిదే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కార్వాన్‌లో మా ఇంటి సందు దాటేదాకా దానికి రెండో గేరు కూడా పడదు. ముందు మేకలు, వెనక స్కూటర్లు. అయినా నాకు అదే ముద్దు.

కొన్న కొత్తలోనే బాపును దుకాణానికి ఎక్కించుకుపోయాను. ఫ్లైఓవర్ దిగుతూ బ్రేకు నొక్కగానే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. బాపు ఒళ్లో ఉన్న టిఫిన్ డబ్బా మూత ఊడి, పప్పుచారు తెల్ల ధోవతి మీద పారింది. ఆయన గొడవేమీ చేయలేదు. దిగాడు, ఆటో పిలిచాడు. ఎక్కబోతూ మాత్రం వెనక్కి తిరిగాడు.

"నీ బండికి ఉరుకుడొచ్చింది గని, ఆగుడు రాలే బిడ్డా."

ఆ తర్వాత ఆయన నా కారెక్కలేదు. రోజూ పొద్దున ఆటో భాయ్ సందు మొదట్లో హారన్ కొడితే, బాపు నా కారు పక్కనుంచే డబ్బా పట్టుకుని నడిచిపోయేవాడు. నేనేమో అదే దారిలో, అదే దుకాణానికి, పక్కన ఖాళీ సీటుతో వెళ్లేవాణ్ణి. దోస్తులందరూ ఆ కారును మెచ్చుకుంటే నాకేం లాభం? బాపు ఆ సీట్లో కూర్చోవాలి. పంతం అనుకోండి, ప్రేమ అనుకోండి, నాకు రెండూ ఉన్నాయి.

సైదాబాద్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గర ముందు చక్రాలకు కొత్త డిస్కులు, వాటిని పట్టి ఆపే ప్యాడ్లు వేయించాను. వేయించగానే పని అయిపోదు. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, గట్టిగా తొక్కి, పూర్తిగా ఆగకముందే వదిలి, మళ్లీ వేగం అందుకోవాలి. అలా చేస్తూ పోతే ఆ వేడికి ప్యాడ్ పొర పల్చగా, సమంగా డిస్కు మీద పరుచుకుంటుంది. కాలిన డిస్కు మీద బ్రేకు తొక్కి పట్టి కూర్చుంటే మాత్రం ఒక్కచోటే మచ్చ పడుతుంది, ఇక మళ్లీ వణుకే. నాకు ఆ కారు అమ్మిన మహానుభావుడు చేసిన నిర్వాకం అదే అయ్యుంటుంది.

సాయంత్రం టీ తాగుతూ ఇదంతా బాపుకు చెప్పాను.

"కొత్తయి గూడ మంచిగ ఆగయా?" అన్నాడు.

"ఆగుతయ్ బాపూ. గని ముందు మచ్చిక చెయ్యాలె. కొత్త పెంక లెక్కన అనుకో."

పెంక అంటే మేం అమ్మే ఇనుప పెనమే. బాపు ముఖం వెలిగింది. కొత్త పెనం కొన్న ప్రతి ఇల్లాలికీ ఆయన ఒక ఉపన్యాసం ఇస్తాడు. మొదటి రోజే దోశ పోయొద్దు, కాల్చు, నూనె రాయి, చల్లారనీ, మళ్లీ కాల్చు. నా కారు సంగతి ఆయనకు మొదటిసారి అర్థమైంది. నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను.

తెల్లవారుజామున వాన పడింది. ఆదివారం కదా, రోడ్లు ఖాళీగా ఉండగానే ఊరి బయటికి పోదామని బయల్దేరాను. సందు మలుపులో పాలామె బర్రెను తోలుకొస్తోంది. బ్రేకు నొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం నాతో సంబంధం లేనట్టు ముందుకు పోతోంది. హ్యాండ్ బ్రేకు లాగితే బర్రె మూతికి జానెడు దూరంలో ఆగింది.

"ఏంది తమ్మీ, గింత మంచి కారుకు బ్రేకులు పెట్టుడు మర్శిన్రా?" అంది పాలామె. బర్రె కూడా అదే అడుగుతున్నట్టు చూసింది.

కోపం నషాళానికంటింది. పాలామె కూడా ఒక చెయ్యి వేస్తే కారును ఇంటి ముందుకు తోసి, మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"ఏం బిగించినవ్ భాయ్? బండి ఆగుతలేదు!"

"పెడల్ లోపటికి పోతుందా?"

"లేదు, గట్టిగనే ఉంది."

"అంటే బ్రేకు పైపులల్ల గాలి చేరలే. ప్యాడుకు డిస్కుకు నడుమ ఏందో ఉంది అన్నా. గ్రీజు గిట్ల."

"ఆ గ్రీజు నువ్వే పూసినట్టున్నవ్!"

"కసమ్ సే, చేతులు కడుక్కొనే ముట్టిన."

నేను నమ్మలేదు. నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. ఫోన్ పెట్టేసి, చక్రం సందులోంచి వేలు పోనిచ్చి డిస్కును తాకాను. జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నువ్వుల నూనె. చిన్నప్పటినుంచీ నా చొక్కాల్లో, నా బడిసంచిలో ఉన్న వాసనే.

తలెత్తితే గడపలో బాపు, భుజం మీద నూనె గుడ్డతో.

"పొద్దుగాల చూస్తే ఎర్రగ తుప్పు. కొత్త ఇనుమును గట్ల ఇడుస్తరా? నువ్వే అంటివి గద, పెంక లెక్కన అని. చెయ్యి దూరినకాడికి మంచిగ రాసిన."

"బ్రేకుకు ఎవరన్న నూనె రాస్తరా బాపూ? పాణం పోతుండె!" అని అరిచాను. సందులో కిటికీలు తెరుచుకున్నాయి.

ఆయన ముఖం వాడిపోయింది. గుడ్డ మడతపెడుతూ మెల్లగా అన్నాడు. "రేపటిసంది ఆటో వద్దని చెప్పిన. నీ బండిలనే పోదామనుకున్న."

నా నోరు నేనే కొట్టుకోవాలనిపించింది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట, సరిగ్గా నేను అరిచాక వచ్చింది. బాపు లోపలికి పోయి, మళ్లీ రమ్మని ఆటో భాయ్‌కి ఫోన్ చేయడం వినిపించింది.

మెకానిక్‌కు జరిగింది చెబితే నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నూనె తాగిన ప్యాడ్లు ఇక బాగుపడవు. వాటిని పారేసి, డిస్కులను స్ప్రేతో జిడ్డు పోయేదాకా కడిగి, మళ్లీ కొత్త ప్యాడ్లు వేశాడు. ఆ వారమంతా బాపు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఒకరోజు దుకాణంలో అన్నం తింటుండగా నేనే చెప్పాను, వానకు పట్టే ఆ తుప్పు పైపైనే ఉంటుందని, కదిలాక బ్రేకు తొక్కితే అదే పోతుందని. ఆయన పెరుగు కలుపుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఊరి బయట ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుంటూ, వేగం అందుకోవడం, తొక్కడం, వదలడం. కాసేపటికి మాడు వాసన వచ్చింది. నూనెది కాదు, రావలసిన వాసనే. ఆ తర్వాత బ్రేకు ముట్టకుండా మెల్లగా తిప్పి చల్లార్చాను. తిరిగొస్తూ తొక్కి చూస్తే కారు చెప్పిన చోట ఆగింది. హాయిగా ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

"అయ్యిందా?" అన్నాడు బాపు.

"అయ్యింది."

కారు తాళంచెవి మేకుకు తగిలించాను.

సోమవారం పొద్దున మళ్లీ వాన. బయటికొస్తే డిస్కులు ఎర్రగా ఉన్నాయి. బాపు వాటి ముందు నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో నూనె గుడ్డ. ఆ చెయ్యి ఎంత దురద పెడుతోందో నాకు తెలుసు. సందు మొదట్లో ఆటో హారన్ కొట్టింది.

బాపు గుడ్డను సంచిలో కుక్కాడు. పొమ్మని ఆటో భాయ్‌కి చెయ్యి ఊపాడు. కారు తలుపు తీసుకుని కూర్చుని, బెల్టు పెట్టుకుని, డబ్బాను ఒళ్లో పెట్టుకుని మూత మీద అరచెయ్యి అదిమాడు.

మెల్లగా కదిలాం. మలుపులో బర్రె.

"తొక్కు. తుప్పు పోవాలె," అన్నాడు.

తొక్కాను. చక్రాల దగ్గర గరగరమంది, వెంటనే ఆ చప్పుడు పోయింది. కారు వణక్కుండా ఆగింది. పాలామె మా ఇద్దరినీ చూసి నవ్వుతూ బర్రెను దాటించింది.

బాపు డబ్బా మూత మీది చెయ్యి తీశాడు.

"ఇగ పో," అన్నాడు.