అద్దె కారు, అసలు లైసెన్సు

మా ఆయనకు హన్మకొండల పెయింట్ల దుకాణం ఉన్నది. పోయినేడు కంపెనీ పెట్టిన టార్గెట్ కొట్టిండు. అంటే ఊరందరి గోడలకు రంగులేయించిండన్నమాట. మా ఇంటి గోడ మాత్రం పెండ్లయినకాడి నుంచి అదే రంగు. టార్గెట్ కొట్టినోళ్లకు అండమాన్ టూర్ అన్నరు. ఇద్దరికి టికెట్లు ఫ్రీ. మూడో టికెట్ మేమే కొని మా అత్తమ్మను తోల్కపోయినం. ఆమె సముద్రం చూడలేదన్నది పైకి చెప్పే కారణం. ఆమె లేకపోతే మా ఇద్దరి పంచాయితీ తెంపేటోళ్లు ఉండరన్నది అసలు కారణం.

మొదట్ల డీలర్లందరిని ఒక్క బస్సుల ఏసి, ఒక్కతీరు టోపీలు పెట్టి తిప్పిన్రు. గుంపుల నుంచి మా ఆయనను ఏరుకోవాలంటే నేను పొట్టలు చూసుకుంట పోవాల్సి వచ్చేది. వాపస్ పోయే ముందటి దినం మీ ఇష్టం, ఎటన్న తిరుగున్రి అన్నరు. చిడియా టాపు అని ఒక జాగా ఉన్నదట, అడివి దాటి పోతే సముద్రంల పొద్దు మునుగుడు కనపడ్తదట. "కారు కిరాయికి తీస్కుందాం, నేనే నడుపుత" అన్నడు మా ఆయన.

లైసెన్సు నాకు గూడ ఉన్నది. బడి చదువు తొమ్మిదితోనే అయిపోయింది గని డ్రైవింగ్ స్కూల్ల మా బ్యాచ్‌కు నేనే ఫస్టు. బ్యాచ్‌ల నేనొక్కదాన్నే ఉంటి, అది వేరే ముచ్చట. లైసెన్సు చేతికొచ్చినంక మా కారును రెండుసార్లు రోడ్డెక్కించిన. రెండుసార్లూ మా ఆయన పక్కసీట్ల కూసోని క్రికెట్ కామెంట్రీ చెప్పినట్టు చెప్పిండు. "లెఫ్టు, లెఫ్టు, ఆటో, ఆటో, అబ్బా బర్రె!" నన్ను చూసి కాదు, ఆయన కేకకు భయపడి బర్రె పక్కకు జరిగింది. మూడోసారి నేను తాళం అడగలే. ఇంట్ల ఎవ్వరు నన్ను వద్దనలే. ఎవ్వరు పొమ్మని గూడ అనలే.

హోటల్ పక్కనే కార్లు కిరాయికిచ్చే పెద్దమనిషి ఉన్నడు. మా మాట చెవిన పడంగనే తెలుగుల పలకరించిండు. వాళ్ల తాత శ్రీకాకుళం దిక్కు నుంచి వచ్చి ఇక్కడనే ఉండిపోయిండట.

"ఏటమ్మా, ఏ ఊరు మీది?"

"వరంగల్ అన్నా."

"మంచిది. బాబేనా నడిపేది? లైసెన్సు ఇలాగివ్వండి."

మా ఆయన గారడీ చేసినట్టు జేబుల నుంచి తీసిండు. ఆ పెద్దమనిషి అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"ఇది జెరాక్సు కదేటి బాబూ?"

"కలర్ జెరాక్స్ అన్నా. లామినేషన్ గూడ చేపిచ్చిన."

"బాగుంది. ఒరిజినలేదీ?"

"బీరువాల ఉన్నది."

"ఏ బీరువాలో?"

"హన్మకొండ బీరువాల."

మా ఇంట్ల అది చట్టం. ఒరిజినల్ అన్నది గడప దాటొద్దు. ఇంటి కాయిదాలు, మెమోలు, ఈయన లైసెన్సు, అన్ని ఒక కవర్ల, ఆ కవరు ఇంకో కవర్ల, అది బంగారం పక్కన లాకర్ల. వాన పడ్తె తడుస్తది, జేబుల పెడితే అరుగుతది అంటడు. దొంగలొస్తె బంగారం తీస్కపోనీ గని ఆ కవరు ముట్టొద్దు అనే మనిషి. అట్ల దాసి దాసి, సముద్రం అవుతల బీరువాకు తాళమేసి, ఈడ జెరాక్స్ పట్టుకోని నిలబడ్డడు.

ఫోన్ల చూపిస్త అన్నడు మా ఆయన. సిగ్నల్ లేదు, చక్రం తిరుగుతాంది. "తిరగనివ్వండి బాబూ, కూర్చోండి" అని కుర్చీ ఇచ్చిండు పెద్దమనిషి.

అప్పుడు మా అత్తమ్మ అన్నది: "నీకున్నది గద బిడ్డా?"

నా పర్సుల బొట్టుబిళ్లల ప్యాకెట్‌కు, పాత బస్ టికెట్‌కు నడుమ ఉన్నది. ఒరిజినల్. అంచు జర వంగింది. నా లైసెన్సుకు మా ఇంట్ల అంత గౌరవం లేకపాయె, అందుకే బీరువా ఎక్కలే. పెద్దమనిషి ఫొటోను చూసి, నన్ను చూసి, తాళం నా చేతుల పెట్టిండు.

"అమ్మే నడపాలి. బాబు స్టీరింగ్ ముట్టకూడదు. మాటంటే మాటే."

ఆ పెద్దమనిషి జర మెత్తబడి "ఏదో ఒకటి, పోండి" అన్నడనుకో, ఈ ముచ్చటే ఉండేది కాదు. ఆయన మొండితనానికి ఇప్పటికి దండం పెడుత. అప్పుడైతే తాళం పిడికిట్ల పట్టుకోని లెక్కేసుకున్న. ఇక్కడ నన్నెరిగినోళ్లు లేరు, మా చుట్టాలు లేరు, బర్రెలు గూడ లేవు. ఇక్కడ గూడ స్టీరింగ్ ఆయన చేతికే పోయిందంటే ఇంక నేను జన్మల ముట్టనని నాకు తెలుసు.

కారెక్కితే కక్కొస్తదని అత్తమ్మ నిమ్మకాయ పట్టుకోని ముందట కూసున్నది. మా ఆయన ఎనుక. ఊరు దాటకముందే మొదలుపెట్టిండు. "మెల్లగ, మెల్లగ, లెఫ్టు..."

అత్తమ్మ నిమ్మకాయ ముక్కుకాడి నుంచి తీయకుంటనే అన్నది: "నువ్వు మాట్లాడితే నాకు కక్కొస్తాంది కొడుకా."

ఇంక కారుల సప్పుడు లేదు. అంత మంచి మందు నాకు ముందే తెల్వకపాయె.

సాపు రోడ్డు మీద మంచిగనే పోయిన. అడివి వచ్చింది, ఆకుల నడుమ నుంచి సముద్రం తొంగి చూస్తాంది. ఇగ ఎత్తు మొదలైంది. మాకు ఎత్తు అంటే కాజీపేట బ్రిడ్జి. ఇది మలుపు మీద మలుపు. ఎదురుంగ బస్సొస్తె ముందటి జీపు ఆగింది, నేను గూడ ఆగిన. జీపు పోయింది. నా కారు బందయింది. మళ్ల స్టార్ట్ చేసిన. జర ఎనుకకు జారి మళ్ల బందయింది. నేను పైకి పోదామంటాన, అది వాపస్ పోదామంటాంది. ఎనుక బండ్లు ఆగినయి, హారన్లు మొదలైనయి.

"దిగవే, ఈ ఎత్తు ఒక్కటి దాటిచ్చి మళ్ల నీకే ఇస్త" అన్నడు మా ఆయన. వెక్కిరించలే. నిజంగ మంచిగనే అన్నడు. వెక్కిరిస్తె కోపంతోనన్న కూసుందును. మంచిగ అనేసరికి నా చెయ్యి సీటుబెల్టు మీదికి పోయింది.

అత్తమ్మ నా చెయ్యి మీద చెయ్యేసింది. "నువ్వు కాదు బిడ్డా. అరేయ్, నువ్వు దిగు."

"నేనా?"

"దిగి చక్రం ఎనుక రాయి పెట్టు. బండి జారకపోతె పిల్లకు బుగులు పోతది."

ఆయన దిగిండు. పక్క నుంచి పెద్ద రాయి మోసుకొచ్చి పెట్టిండు. ఎనుకటోళ్లకు చెయ్యెత్తి "రుకో భాయ్, రుకో" అన్నడు. హారన్లు ఆగినయి. నేను క్లచ్ మెల్లగ వదిలి, యాక్సిలేటర్ గట్టిగ తొక్కి, హ్యాండ్‌బ్రేక్ దించిన. కారు ఒక్కసారి గర్రుమని, పైకి పాకింది.

పాకింది! నేను కేకేసిన. అద్దంల చూస్తె మా ఆయన రాయిని రోడ్డు పక్కకు జరుపుతాండు, ఇంకెవరికి తగలకుంట.

"అత్తమ్మా, ఆయన ఎక్కలే!"

"ఆపకు. ఆపితె మళ్ల మొదటికొస్తది. వాడికి కాళ్లున్నయి, నడిచొస్తడు."

ఆపలే. అద్దంల మా ఆయన హోటల్ చెప్పులతోని ఉరుకుతాండు, కంపెనీ టోపీ చేతుల పట్టుకోని. ఆగిన బండ్లన్ని ఆయనను దాటుకుంట వస్తానయి. నవ్వుతోని నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. అన్ని నవ్వు నీళ్లే అంటె అబద్ధమైతది.

పైన సాపు జాగల ఆపిన. ఆయన కోసం చూస్తుంటె అత్తమ్మ, సముద్రం దిక్కు మొఖం పెట్టి, అడగకుంటనే చెప్పింది: "మీ మామ నాకు సైకిల్ నేర్పుతనన్నడు. ఒక్కసారి పడ్డ. నవ్విండు. మళ్ల నేను ఎక్కలే, ఆయన ఎక్కమనలే." అంతే. ఇన్నేండ్లల్ల ఆ మాట ఆమె నోట ఎన్నడు వినలే. నేను ఆమె చెయ్యి పట్టుకున్న.

మా ఆయన వచ్చిండు, చెమటలు కారుకుంట. నా కిటికీకాడ నిలబడ్డడు. డోర్ తీస్తడనుకోని స్టీరింగ్ గట్టిగ పట్టుకున్న. ఆయన నీళ్ల సీసా అడిగి, గటగట తాగి, పోయి ఎనుక సీట్ల కూసున్నడు.

"ఏం జూస్తానవు? పొద్దు మునుగుతది, పోనీ."

పోనిచ్చిన. పొద్దు మునుగుడు మంచిగనే ఉన్నది. అందరు దానికి ఫొటోలు తీసిన్రు. మా ఆయన మాత్రం కారు పక్కన నన్ను నిలబెట్టి తీసిండు, సూర్యుడు సగం పోయిండని అత్తమ్మ అంటున్నా వినలే.

వాపస్ బయలెల్లేటప్పుడు కిరాయి పెద్దమనిషి ఫోన్ చేసిండు, ఎక్కడిదాకా వచ్చిన్రని.

"వస్తానం అన్నా" అన్నడు మా ఆయన. "రేపు పొద్దుగాల గూడ కారు మాకే ఉంచు."

"రేపు మీకు విమానం కదా బాబూ?"

"అది పగటాల్లకు. మా ఆమె పొద్దున ఇంకో చుట్టు తిప్పుతనంటాంది."

నేను అట్ల అననేలే. అననేలేదని చెప్పను గూడ చెప్పలే. తాళం తిప్పిన.