ముందే నింపిన గడి

మొన్న మావారిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిస్తూ, మూత్రానికి వేసిన పైపు ఇంకో రెండు వారాలు ఉంచాలన్నారు. మనవరాలి ఈడు నర్సమ్మాయి ఒకతె ఇంగ్లీషులో అచ్చేసిన మూడు కాగితాలు నా ముందు పెట్టి, "ఆంటీ, ఇక్కడొక సైన్ చేసేయండి, ఫైల్ క్లోజ్ చేయాలి" అంది. అడుగున చూద్దును కదా, పైపు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ నాకు తెలిసిన భాషలో వివరించారనీ, నాకు పూర్తిగా అర్థమైందనీ రాసి, పక్కనున్న గడిలో టిక్కు కూడా పెట్టేసి ఉంది. ఆ పిల్ల అప్పటికింకా నోరు విప్పి ఒక్క ముక్క చెప్పలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ కోపమంతా ఆ పిల్ల మీదనే అనుకునేరు. అందులో ముప్పాతిక వంతు ఎవరి మీదో చెప్పాలంటే నేను నర్సింగు చదువుకున్న రోజులకు వెళ్లాలి.

కృష్ణా జిల్లాలో మిషన్ బడి పంతులుగా పనిచేసే మా నాన్న ఒక రేకు పెట్టె, ఒక బైబిలు ఇచ్చి నన్ను సికింద్రాబాదు హాస్టల్లో దింపి వెళ్లినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. మీలో నాలాగా గంజి పెట్టిన తెల్ల టోపీని పిన్నులతో జుట్టుకు బిగించుకున్నవాళ్లుంటే, ఆ రోజుల్లో మాకు రోగి కన్నా రికార్డు పుస్తకం అంటేనే ఎక్కువ భయమని చెప్పక్కర్లేదు. మార్జిను గీత వంకరపోతే పేజీ చింపి మళ్లీ రాయాలి. మోండా మార్కెట్ సందులో చార్టు కాగితాలు అమ్మే ముసలాయన మమ్మల్ని చూడగానే అడక్కుండానే ఎర్ర స్కెచ్చి పెన్నూ నీలం స్కెచ్చి పెన్నూ తీసి పెట్టేవాడు, అన్నిసార్లు కొన్నాం అవి.

మూడో ఏడు పరీక్షలో రోగికి ఆరోగ్యబోధ చేయడం ఒక భాగం. దానికి ముందుగా ఒక ప్రణాళిక రాయాలి, దాన్ని మేము టీచింగ్ ప్లాన్ అనేవాళ్లం. నాకు వచ్చిన అంశం మూత్రం పైపు సంరక్షణ. నిలువు గీతలు గీసి, సమయం, ఉద్దేశం, బోధించే విషయం, ఉపాధ్యాయురాలు చేసేది, రోగి చేసేది, చిట్టచివర ఫలితం అని గడులు కట్టి, అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను. రోగి చేసేది అన్న గడిలో పైనుంచి కిందిదాకా 'వింటాడు' అని రాశాను. ఫలితం గడిలో 'రోగికి అర్థమైనది' అని రాశాను. ఇదంతా పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం, హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని, ఇంకా ఆ రోగి మొహమైనా చూడకుండా! అందరం అలాగే రాసేవాళ్లం, మా పైతరగతి అక్కలు మాకు నేర్పిందీ అదే.

నాకిచ్చిన రోగి మోండాలో ఉల్లిగడ్డలు అమ్ముకునే పెద్దమనిషి. ప్రోస్టేటు వాచి మూత్రం ఆగిపోతే పైపు వేశారు, రక్తం తక్కువగా ఉంది కనక నెలాగి ఆపరేషన్ చేస్తామని ఆ రోజే ఇంటికి పంపుతున్నారు. ఆయన భార్య పొద్దున్నే దుకాణం మూసి, మొగుణ్ణి తీసుకుపోవడానికి వచ్చింది. ఇంట్లో పైపు చివర మూత్రం చేరే సంచిని ఖాళీ చేసేదీ, పైపు కడిగేదీ ఆవిడే. కాని పరీక్షకు పెద్దవాళ్లు వస్తున్నారని వార్డులో బంధువులందర్నీ గంట కొట్టి బయటికి తరిమారు, వాళ్లతోపాటు ఆవిడనూ తరిమారు. వినవలసిన మనిషి గ్రిల్లు తలుపు అవతల నిలబడి ఉంటే, నేను ఇవతల చార్టు వేలాడదీసి, 'మూత్రాశయ స్థాయికి దిగువన సంచిని అమర్చుకోవలెను' అంటూ ఒప్పజెప్పాను. ఆయన మంచం మీద బుద్ధిగా కూర్చుని ప్రతి మాటకూ తల ఊపాడు. పరీక్షకు వచ్చినావిడ చార్టును మెచ్చుకుంది. ఆ ఏడు మా బ్యాచిలో ఎక్కువ మార్కులు నావే.

నాలుగో రోజు పొద్దున రిక్షాలో ఆయన్ని మళ్లీ తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, సంచిలో మూత్రం చిక్కగా, ఎర్రగా ఉంది. నేనా వేళ వార్డులోనే ఉన్నాను. భార్య ఆయన పక్కన నడుస్తూ, ఆ సంచిని కుడిచేత్తో ఆయన తలకన్నా ఎత్తుగా పట్టుకుని వచ్చింది. వార్డు గుమ్మం దాటినా దించలేదు. నేను గభాలున లాక్కుని కిందికి దించేసరికి ఆవిడ నా మీద గయ్యిమంది.

"అరే, కిందికెందుకు దించుతున్నవ్ సిస్టరమ్మా? సెలైన్ సీస మీదనే గట్టిండ్రు గద! గిది సుత గట్లనే అనుకొని ఇంట్ల మేకుకు తగిలించిన. రిక్షల సుత చెయ్యి దించలే, గింత తక్లీఫ్ వడ్డ!"

నాలుగు రోజులూ ఆ సంచి గోడ మేకుకు వేలాడింది. దిగాల్సిన మూత్రం దిగలేదు, కిందికి వచ్చింది కాస్తా వెనక్కి పోయింది, విషం ఒంటికెక్కింది. పాపం, ఆవిడ ఎంత జాగ్రత్తగా చూసుకుందో అంత కీడు జరిగింది.

నేను రికార్డు పుస్తకం పట్టుకుని, మాకు పాఠాలు చెప్పే ట్యూటరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఫలితం గడిలో రాసింది అబద్ధం, కొట్టేసి జరిగింది రాస్తానన్నాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు. "మార్కులు వేసేశాం. రికార్డులో కొట్టివేతలు ఉండకూడదని తెలీదూ? వెళ్లు" అంది. లోపల మనిషి బతుకుతాడో లేదో తెలియదు, ఈవిడకు కొట్టివేతల గొడవ! ఆ పుస్తకం ఆ బల్ల మీదే చింపి పారేయాలనిపించింది. చింపలేదు. "సరే మేడమ్" అని తలొంచుకుని వచ్చేశాను. ఇన్నేళ్లు గడిచినా ఆ 'సరే మేడమ్' తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం రోగి భార్యను వరండాలో కూర్చోబెట్టి, పైపు తగిలించిన ఒక కొత్త సంచిలో సిరా కలిపిన నీళ్లు పోసి, పైకెత్తితే నీళ్లు ఎటు పోతాయో, దించితే ఎటు పోతాయో చూపించాను. చార్టు లేదు, గడులు లేవు. ఒక్క నిమిషం పట్టింది. ఆవిడ సంచిని చేతిలోకి తీసుకుని, తనంతట తానే చేసి చూపిస్తూ, "పొత్తికడుపు కంటె కిందనే ఉండాలె, నేలకు తగలొద్దు, సగం నిండంగనే వొంపాలె, ముట్టెముందు సబ్బుతోని చేతులు కడగాలె, గంతేనా?" అంది. గంతే. నేను ఆరు పేజీల్లో రాసిందంతా అదే.

తరవాత ఆవిడ ఆ సంచిని నా చేతికిచ్చి, "గీ ముచ్చట ఆ దినం గ్రిల్లు కాడికొచ్చి చెప్తె ఏం పోయేదమ్మా నీకు?" అంది. తిట్టినట్టు అనలేదు, మామూలుగా అడిగింది. ఆయన బతికాడు. మూడు వారాలు ఆ మంచం మీదే ఉండి, సగం మనిషై ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు వార్డుల్లో గంట కొట్టి ఎవర్నీ తరమడం లేదు. గదిలో చుట్టాలకు సోఫా ఉంది, గోడకు టీవీ ఉంది, రికార్డు పుస్తకాల స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి. తెల్ల టోపీలు ఎప్పుడో పోయాయి. గడి మాత్రం ఇప్పటికీ ముందే నిండుతోంది, చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది.

సంతకం చేయనన్నాను. ముందు చెప్పు, తరవాత నేను చేసి చూపిస్తాను, అప్పుడు పెడతానన్నాను. "మీరూ నర్సేనట కదా ఆంటీ, అంకుల్ చెప్పారు, మీకు తెలియంది నేనేం చెప్తాను" అని ఆ పిల్ల నవ్వింది. నాకు తెలుసు కాబట్టే అడుగుతున్నాననీ, నాకు చెప్పగలిగితే పక్క గదిలో వాళ్లకూ చెప్పగలవనీ గొంతు పెంచి అన్నాను. మొహం ముడుచుకుంది గాని, కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది, బాగానే చెప్పింది. దానికీ ఒక నిమిషమే పట్టింది. నేను చేసి చూపించి, అప్పుడు సంతకం పెట్టాను.

ఇంటికి వచ్చాక రేకు పెట్టె అడుగునుంచి ఆ పాత రికార్డు తీశాను. చెదలు పట్టలేదు, సిరా వెలిసిపోలేదు. 'రోగికి అర్థమైనది' అన్న మాట పక్కన ట్యూటరమ్మ ఎర్ర టిక్కు అలాగే ఉంది. నా దస్తూరి చాలా అందంగా ఉంది.