ఎవరూ పట్టని తెడ్డు

ప్రాణం మీదికి వచ్చినప్పుడు మీ చేతులు మీ బుద్ధి చెప్పినట్టే చేస్తాయని మీకంత గట్టి నమ్మకమా? నాకుండేది. స్వరాజ్యం వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, ఒక శ్రావణ మాసపు మధ్యాహ్నం అది పోయింది.

రాజోలు దగ్గర మా అత్తవారి ఊరి వెనక ఒక చిన్న కాలువ ఉండేది. ఒకచోట పాత ఇటుకల కట్ట తెగి, నీళ్ళు మెట్లు దిగినట్టు దిగుతూ అరఫర్లాంగు మేర నురగలు కక్కేవి. ప్రమాదమేమీ లేదని, కొత్తవాళ్ళు దోనె నేర్చుకునేది అక్కడేనని అందరూ అనేవారు. తాటిమాను తొలిచి చేసిన దోనె. ఇద్దరు కూర్చుంటే మూడోవారికి చోటుండదు. ఆ నురగ దగ్గరికి వచ్చేసరికి ఎవరైనా గంగమ్మకు దణ్ణం పెట్టుకోవలసిందే. దణ్ణం పెడితే నీరు ఆగుతుందా అని సంఘసంస్కరణ సభల్లో ఎగతాళి చేసినవాణ్ణి నేను.

అవతలి ఊళ్ళో మా ఆవిడ అక్కగారు ప్రసవిస్తే చూడ్డానికి బయలుదేరాం. మా ఆవిడకు ఈత రాదు. ఆవిడ పెదనాన్నగారు దోనె ఇచ్చి, తెడ్డు వెయ్యడం నాకు రెండు రోజులు నేర్పేరు. ఎక్కేటప్పుడు ఆవిడ సరదాగా తెడ్డు మీద చెయ్యి వేస్తే కసిరేరు. ఆడది ముట్టుకుంటే దోనె తిరగబడుతుందట. "సభల్లో అంతమందిని ఒడ్డుకు చేర్చే అల్లుడుగారు, నిన్నొక్కదాన్నీ చేర్చలేరుటే?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఎగువన లాకు తలుపులు ఎత్తి నీళ్ళు వదిలినట్టున్నారు. వంపు తిరక్కముందే హోరు వినబడింది. వెనక్కి పోదామా అని ఆవిడ అడిగింది. వెనక్కి తిప్పడం నేనింకా నేర్చుకోలేదని చెప్పడానికి సిగ్గేసింది.

దోనె ముక్కు కిందికి వంగింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నా రెండు చేతులూ జోడించి ఉన్నాయి. పెదవులు గంగమ్మను పిలుస్తున్నాయి. తెడ్డు మా ఇద్దరి మధ్య దోనెలో పడి ఉంది. ఆవిడ దానికేసే చూస్తోంది, చేతులు మాత్రం ఒళ్ళో బిగించుకుని ఉంది. ముట్టుకోకూడదుగా.

దోనె అడ్డం తిరిగింది. నీళ్ళు లోపలికి వచ్చేయి. ఇటుకల దిబ్బ ఒకటి మా మీదికి పరుగెత్తుకొస్తున్నట్టు కనబడింది. ఈవిడ చచ్చిపోతుంది, నేనే చంపుతున్నాను. ఆ ఆలోచన తప్ప నా తలలో మరేమీ లేదు. అయినా చేతులు విడిపోలేదు.

"దణ్ణం ఒడ్డున పెట్టుకుందురుగాని, ముందు ఒంగోండి," అంది ఆవిడ. తెడ్డు అందుకుని దిబ్బకు ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నెట్టింది. దోనె గిర్రున తిరిగి తుంగలోకి దూరి ఆగింది.

ఒడ్డుకెక్కి ఇద్దరం తడిబట్టలు పిండుకున్నాం. తను తెడ్డు ముట్టుకున్న సంగతి పెదనాన్నగారితో అనొద్దని ఆవిడ బతిమాలింది. ప్రాణం నిలిపిన మనిషి, తప్పు చేసినదానిలా బతిమాలింది. నేను చెప్పలేదు. ఆవిడ కోసమేనని సర్దిచెప్పుకున్నాను గాని, నా దణ్ణం బయటపడుతుందని అసలు భయం. తరవాతి సభలో మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడేను.

నా దణ్ణం నా పిరికితనం, పోనీండి. ఆడది తెడ్డు ముట్టుకోకూడదన్న మాట విని నేను ఊరుకోవడం మాత్రం ఇంకొకరి ప్రాణం తీసేదే. చదివి తలూపి ఊరుకోకండి. రేపు పొద్దున్నే మీ ఇంటి ఆడవాళ్ళను కాలువ గట్టుకు తీసుకెళ్ళి, పెద్దలు చూస్తుండగా, తెడ్డు వాళ్ళ చేతికివ్వండి.