ఏసెన్‌గుల్ తాత మొదటి చూపు

ఏసెన్‌గుల్ తాతకు ఆ కంప్యూటర్ ఆట అసలు నచ్చిందా? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నచ్చిందని ఆయన ఒక్కసారీ అనలేదు. అలాగని ఆయన ఫలానాది నచ్చిందని అన్నట్టు మా కరకోల్ ఊరి చరిత్రలో ఎక్కడా దాఖలా లేదు.

ఆయన గుణం ఒక్కటే. దేన్నీ రెండోసారి చూడడు. మొదటి చూపులోనే తీర్పు చెప్పి లేచి వెళ్లిపోతాడు. వెళ్లొస్తానని కూడా అనడు; తీర్పయ్యాక ఇంకా మాటలెందుకు? నేను నడిపిన గ్రంథాలయంలో సగం పుస్తకాలకు మొదటి పేజీలు మాత్రమే నలిగి ఉండేవి. అది ఆయన చలవే. "మొదట్లోనే వాన పడుతోంది. ఇంక చివరిదాకా ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు. లోపల పెట్టెయ్యమ్మా" అని ఒక మహాగ్రంథాన్ని నా బల్ల మీద పడేసేవాడు. పెళ్లిలో మాంసం ఒక్క ముక్క కొరికి, "ఈ గొర్రె దిగులుతో పోయింది" అనేవాడు. ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరు నాడి పట్టుకోబోతే, "చేతులు చల్లగా ఉన్నాయి నాయనా, ముందు నువ్వు చూపించుకో" అని ఇంటికి వచ్చేశాడు.

"పెళ్లప్పుడు నన్నూ ఒక్కసారే చూశాడు. నా అదృష్టం" అనేది ఆయన భార్య బురుల్ అవ్వ.

అలాంటి మహానుభావుడి కంట బెగిమాయ్ డెమో పడింది.

బెగిమాయ్ మా వీధి పిల్ల. రాజధానిలో చదువుకుని వచ్చి, ఒక్కతే కూర్చుని ఒక వ్యూహాల ఆట తయారు చేసింది. మంచు పడేలోగా గుడారాలు వేసుకోవాలి, గొర్రెల్ని మేపుకోవాలి, కావలి పెట్టుకోవాలి. ఇది చదరంగం కాదు, ఎదుటివాడు మన వంతు అయ్యేదాకా ఆగడు. మనం గడ్డం గోక్కుంటూ ఉండగానే గుర్రాల మీద వచ్చి పడతాడు. జనానికి రుచి చూపిద్దామని మొదటి భాగాన్ని గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్లో పెట్టింది. ఎవరూ రాలేదు. ఊళ్లో కుర్రకారంతా బజారులోని కంప్యూటర్ క్లబ్బులో పరాయి దేశపు రాక్షసుల్ని చంపే ఘనకార్యంలో ఉన్నారు.

"నౌరూజ్ పండుగ దాకా చూస్తానక్కా" అంది టీ తాగుతూ. "అప్పటికీ ఎవరూ ఆడకపోతే మొత్తం చెరిపేసి రాజధానిలో బ్యాంకు ఉద్యోగానికి పోతాను."

పక్క బల్ల దగ్గర ఏదో మొదటి పేజీ చదువుతున్న తాత దగ్గాడు. లేచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఏమిటిది?"

"ఆట తాతా. ఆ విడిది మీదే. కాపాడుకోవాలి."

"గొర్రెలేమిటే, సిపాయిల్లా వరసగా నడుస్తున్నాయి? గుడారం తలుపు గాలికి ఎదురుగా పెట్టావు. లోపలి ముసలమ్మ మీద నీకేం పగ?"

అంతలో తెర అంచున ముగ్గురు రౌతులు కనిపించారు.

"శత్రువులు తాతా! బాణాలు వెయ్యండి, ఇదిగో ఈ బటన్!"

"గడప దగ్గరికొచ్చినవాడి మీద బాణాలా? మీ అమ్మ నీకు నేర్పిందిదేనా? ముందు రొట్టె తుంచనీ. ఎవరు, ఏ ఊరు అన్నది తర్వాత అడుగుదాం." అని ద్వారం తెరిచాడు.

వాళ్లు వచ్చారు. ఊరు తగలబెట్టారు. తాత మంటలకేసి ప్రశాంతంగా చూశాడు. "రొట్టె పెట్టే బటన్ లేదు. పనికిరాదు." లేచి వెళ్లిపోయాడు.

"ఇన్నాళ్లకు ఒక్కరొచ్చారు" అంది బెగిమాయ్. "ఆయనా ఊరు కాల్పించుకుని పోయారు."

మర్నాడు నేను తాళం తీసేసరికి గుమ్మంలో తాత. సరాసరి కంప్యూటర్ దగ్గరికి నడిచి, కనుబొమలు ఎగరేశాడు.

"ఏమిటిది? కొత్తగా వచ్చిందా?"

"నిన్న చూశారుగా!"

"నేనా? నేను దేన్నయినా రెండోసారి చూడగా నువ్వెప్పుడన్నా చూశావా? ఇదే మొదటి చూపు."

బెగిమాయ్ గొర్రెల నడక మార్చింది. "తాగొచ్చినట్టున్నాయి" అన్నాడు. గుడారం తలుపు తిప్పింది. "బతికింది ముసలమ్మ" అన్నాడు. రౌతులు రాగానే ద్వారం తెరిచాడు. ఊరు కాలింది. పనికిరాదు.

ఆ మర్నాడూ మొదటి చూపే. ఆ తర్వాతా మొదటి చూపే. ఏసెన్‌గుల్ తాత రోజూ ఊరు తగలబెట్టుకుంటున్నాడన్న వార్త బజారుకెక్కింది. ఉన్ని అమ్మేవాళ్లు దుకాణాలు వదిలి వచ్చారు. క్లబ్బులో రాక్షసులు చంపేవాళ్లు లేక బతికిపోయారు.

"తాతా, తలుపు తియ్యకు!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

"నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు తియ్యకుండా ఉండాల్సింది."

"లే తాతా, ఎలా ఆడాలో నేను చూపిస్తా" అని ఇంకొకడు కుర్చీ లాక్కున్నాడు. వాడి వెనక వరస కట్టారు. వాడు బాణాలు వేసి గెలిస్తే తాత పెదవి విరిచాడు. "శెభాష్. ముగ్గుర్ని ఆకలి కడుపుతో చంపావు."

ఒకరోజు బురుల్ అవ్వ వచ్చింది. "ఏమ్మా, మా ఆయన చేత ఇక్కడ నాటకాలేమన్నా వేయిస్తున్నావా?"

"ఎందుకవ్వా?"

"పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'ఏమిటిది? కొత్తగా వచ్చిందా?' అని సాధన చేస్తున్నాడు. కనుబొమలు సరిగ్గా లేస్తున్నాయా అని నన్నడుగుతాడు. నాతో చెప్పడు గానీ, టీ గిన్నెతో మాట్లాడుకుంటూ ఒకటే గోల, 'ఆ పిల్ల ఆట చెరిపేసి బ్యాంకుకు పోతే ఎలాగ' అని."

నేను టీ గిన్నెకున్నపాటి గుట్టు పాటించాను. ఎవరికీ చెప్పలేదు.

నౌరూజ్ నాడు గ్రంథాలయంలో కాలు పెట్టే చోటు లేదు. బల్ల మీద రొట్టెలు, టీ. బ్యాంకు మాట బెగిమాయ్ ఎత్తలేదు. ఎత్తే తీరిక ఆమెకు లేదు. తాత కుర్చీలో కూర్చోగానే, ఆయన కన్నా ముందు జనమే అరిచారు. "ఏమిటిది? కొత్తగా వచ్చిందా?"

రౌతులు వచ్చారు. తాత ద్వారం తెరిచాడు. పక్కనే కొత్త బటన్ మెరిసింది. గుండ్రంగా, రొట్టె బొమ్మ. నొక్కాడు. రౌతులు గుర్రాలు దిగారు. రొట్టె తుంచుకున్నారు. ఎక్కడా నిప్పు లేదు. మళ్లీ గుర్రాలెక్కి, వచ్చిన దారినే పోయారు.

గది మొత్తం ఈలలు. బెగిమాయ్ ఒంగి అడిగింది. "ఎలా ఉంది తాతా?"

తాత కనుబొమలు లేచాయి. ఈసారి సాధన చేసినట్టు లేవు. తీర్పు కోసం అందరం చెవులు రిక్కించాం. ఆయన జేబులోంచి ఎండబెట్టిన పెరుగు ఉండ తీసి నోట్లో వేసుకున్నాడు. అది రాయిలాంటిది, నోట్లో ఉంటే మాట రాదు.

నౌరూజ్ టీలు పోయడంలో పడి చూసుకోలేదు. తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. బల్ల మీది రొట్టెకు ఒక అంచు తుంచి ఉంది. రొట్టె ముట్టకుండా మాలో ఎవరూ ఒక ఇంట్లోంచి కదలరు. ఆ మర్యాద మాత్రం పాటించాడు. తెర మీద విడిది ద్వారం బార్లా తెరిచే ఉంది. మా గుమ్మం తలుపు కూడా. చలిగాలి నేరుగా నా ముఖానికి కొట్టింది.

మా తలుపూ గాలికి ఎదురుగానే ఉందని నాకు ఆరోజే తెలిసింది.