తాత నేసిన స్పీకర్ గుడ్డ

మొన్న మా పిల్లగాని గిటార్ స్పీకర్ ముందు గుడ్డను వేలితో తడిమిన. సిరిసిల్లలో మగ్గం నేసే మా తాత యాదికొచ్చిండు.

మా నాయిన కరెంటు బ్యాంజో వాయించేటోడు. మేనత్త పెండ్లిల వాయించాలని, విరిగిన మగ్గం చెక్కలతోటి స్పీకర్ డబ్బా తనే చేసిండు. ముందర బిగించే గుడ్డ తాత నేసిండు. నీళ్లు పోసినా కారనంత దగ్గరి నేత! దాన్ని బిగించినంక బ్యాంజో దుప్పట్ల నుంచి మాట్లాడినట్టు మోగింది.

"బాపూ, జర పల్చగ నెయ్యవా?" అన్నడు నాయిన.

"పల్చగనా? పెండ్లికొచ్చేటోళ్లంత నేతోళ్లేరా! నా ఇజ్జత్ తీస్తవా?"

అయినా బిడ్డ పెండ్లాయె. పోగుకు పోగుకు నడుమ సందు విడిచి మళ్ల నేసిండు.

రాత్రిళ్లు నక్సలైట్ అన్నలు, పోలీసులు తిరిగే రోజులు కాబట్టి పెండ్లి పగటిపూటనే పెట్టుకున్నరు. బ్యాంజో ఖంగుమన్నది. తాత మాత్రం డబ్బాకు అడ్డంగ నిలబడ్డడు.

"బాపూ, పక్కకు జరుగు, సౌండ్ ఆగుతున్నది," అని నాయిన మొత్తుకున్నా కదల్లె. తాతకు పాటలంటే గంత పానమా అనుకొని, నేను గూడ పక్కన నిలబడి తాళం తప్పి చప్పట్లు కొట్టిన.

కన్యాదానానికి అయ్యగారు పిలిచిండు. తాత పోతూ పోతూ భుజం మీది కండువా తీసి డబ్బా మీద కప్పిండు. బ్యాంజో మళ్ల దుప్పట్ల జొచ్చింది.

డబ్బాకు ఎండ తగలద్దని కప్పిండనుకున్న అప్పుడు. మొన్న మా పిల్లగాని డబ్బా మీది పల్చటి గుడ్డ సందుల్లోంచి లోపలి స్పీకర్ కనబడేసరికి, దాన్ని కప్పుదామని నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది.