నా హార్డు, ఆయన సాఫ్టు

మా ఆయన ఆ బండిని ఇంటికి తెచ్చిన రోజు నేను దాన్ని నీళ్ల మోటారనుకున్నాను. నల్లగా, గుండ్రంగా ఉంది. పైన పట్టుకోవడానికి పిడి, పక్కల రెండు మడత పెడళ్లు. వాటిని కిందికి దించి, చెరో పాదం పెట్టి నిలబడితే అదే నడుస్తుందట. ముందుకు వంగితే పరుగు, వెనక్కి వాలితే బ్రేకు. హ్యాండిల్ లేదు, సీటు లేదు, ఉన్నదల్లా ఒక్క చక్రం. తుళ్లూరు వైపు రాజధాని రోడ్ల మీద సరదాగా తిరుగుదామని ఎవరో కొనుక్కుని, రెండుసార్లు పడి అమ్మకానికి పెడితే ఈయన తెచ్చుకున్నారు. మా వరండాలో గోడ పట్టుకుని ఎక్కారు. మూడు నిమిషాలు నిలబడలేకపోయారు. దాన్ని మంచం కిందికి తోసేసి, మళ్లీ దాని మాట ఎత్తలేదు.

నేను బళ్లో డ్రిల్ టీచర్ని. చిన్నప్పటి నుంచి ఖోఖో ఆడినదాన్ని. మూడేళ్ల క్రితం ఆడపిల్లలకు పోల్ దగ్గర మలుపు ఎలా తిరగాలో చూపిస్తూ కుడి మోకాలు మెలిపెట్టుకున్నాను. ఆటలు బందయ్యాయి. మోకాలు కుదుటపడ్డాక డాక్టరమ్మ, “ఇక నడక ఒక్కటే సరిపోదు. ఒంటికాలి మీద నిలబడడం, బ్యాలెన్స్ చేయడం రోజూ అలవాటు చేసుకోండి” అంది. గోడకు ఎదురుగా కొంగలా నిలబడి నిలబడి వారానికే విసుగొచ్చింది. అప్పుడు మంచం కింద బండి గుర్తొచ్చింది.

“నేను ఎక్కుతా” అన్నాను.

మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. “మోకాలితోనా?”

“మోకాలి కోసమే.”

మేముండే ఊరు గుంటూరుకి కాస్త దూరం. రోడ్డుకి రెండు వైపులా మిర్చి కోల్డ్ స్టోరేజీలు. అందులో ఒకదానిలో మా ఆయన కంప్రెసర్ ఆపరేటరు. లోపల గదుల్లో చలి ఒక గీత కూడా అటూ ఇటూ కాకుండా చూడడం ఆయన పని. వేసవిలో ఆ ఆవరణలో లారీలు, టిక్కీలనే మిర్చి బస్తాలు, ఘాటుకి తుమ్ములు తప్ప మరేమీ ఉండవు. వానలు మొదలయ్యేసరికి సరుకంతా లోపలికి చేరిపోయి, సిమెంటు చప్టా ఖాళీ అయిపోతుంది. ఒక పక్క పొడుగాటి గోడ. నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఆదివారం ప్రార్థన అయ్యాక బండి తీసుకుని అక్కడికి వెళ్లాం. గేటు దగ్గరుండే వాచ్‌మన్ భాయి తన ప్లాస్టిక్ కుర్చీ నీడలోకి లాక్కుని చూడ్డానికి కూర్చున్నాడు.

బండిని నా ఫోన్‌కి కలిపారు. అందులోని యాప్‌లో రైడ్ మోడ్ అని ఒక చోటు ఉంటుంది. హార్డ్, మీడియం, సాఫ్ట్. మా ఆయనకు మీటర్లన్నా, సెట్టింగులన్నా ప్రాణం. అంతకుముందు వారమంతా వాటి గురించి చదువుతూనే ఉన్నారు.

“చూడు. సాఫ్ట్ పెడితే నువ్వు వంగినప్పుడు పెడల్ కూడా నీతో పాటు కొంచెం వంగుద్ది, మోటారు నిదానంగా అందుకుంటది. హార్డ్ పెడితే పెడల్ కదలదు, నేల లాగా ఉంటది. కానీ నువ్వు వెంట్రుకవాసి వంగినా చాలు, వెంటనే లాగుద్ది. కొత్తవాళ్లకి సాఫ్టే మంచిదంట.”

“సరే, పెట్టండి.”

గోడ పట్టుకుని ఎక్కాను. పాదాల కింద పెడళ్లు ఉయ్యాల బల్లలా ముందుకూ వెనక్కీ ఒరిగాయి. నేను వంగేది ఇప్పుడు, బండి కదిలేది తర్వాత. ఆ తర్వాత అనేది ఎంతసేపో తెలిసేలోపే దిగిపోవాల్సి వచ్చేది. అయిదుసార్లు ఎక్కాను, అయిదుసార్లూ దూకాను. ఆయన ఫోన్ చూసుకుంటూ పక్కనే నడుస్తున్నారు.

“ఇంకా కొంచెం సాఫ్ట్ చేస్తా ఉండు. నడుము బిగపట్టావు. వదులు చెయ్యి. కింద చూడమాక.”

ఆరోసారి దూకినప్పుడు మోకాలు కలుక్కుమంది. నొప్పి కంటే భయం ఎక్కువ. ఆ భయంలో నోరు జారాను.

“మూడు నిమిషాలు నిలబడలేనివాళ్లు నాకు చెప్పబాకండి. ఆ ఫోన్ ఇటివ్వండి. ఇకమీదట ఆ సెట్టింగు మీరు ముట్టుకోవద్దు.”

వాచ్‌మన్ భాయి చూపు తిప్పుకుని రోడ్డు వైపు చూశాడు. మా ఆయన నా ఫోన్ నా చేతిలో పెట్టి, “సరే” అని కంప్రెసర్ గదిలోకి వెళ్లిపోయారు.

నేను హార్డ్ పెట్టాను. ఎక్కాను. పాదాల కింద నిజంగానే నేల ఉంది. ఖోఖోలో కూర్చున్న చోటు నుంచి లేచేటప్పుడు మునివేళ్లు నేలను ఎలా నొక్కుతాయో అలా నొక్కాను. బండి ఆ క్షణమే కదిలింది. నాకూ దానికీ మధ్య ఆలస్యం లేదు. గోడ మీంచి చెయ్యి తీసి పది అడుగులు వెళ్లాను. మధ్యాహ్నానికి గోడ చివరిదాకా వెళ్లి, మలుపు తిరగలేక దిగి, బండిని తిప్పుకుని మళ్లీ ఎక్కి వచ్చాను.

“శభాష్ టీచరమ్మా!” అని అరిచాడు వాచ్‌మన్ భాయి. కంప్రెసర్ గది తలుపు కొంచెం తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. చూశాను కానీ పట్టించుకోలేదు. ఆ రోజు నేను అంత సంతోషంలో ఉన్నాను.

నెల తిరిగేసరికి హెల్మెట్, మోకాళ్లకి, అరచేతులకి కట్టుకునే ప్యాడ్లు పెట్టుకుని బడికి దాని మీదే వెళ్లడం మొదలుపెట్టాను. కాలవ గట్టు రోడ్డు, నాలుగు కిలోమీటర్లు. వేగం గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకుండా ఫోన్‌లో హద్దు పెట్టుకున్నాను. ఆ హద్దు దగ్గరికి రాగానే పెడళ్ల ముందు అంచు పైకి లేచి మడమల మీదికి నెడుతుంది. ఇక చాలని బండే చెప్పినట్టు. ఇరవై చాలు నాకు. అంతకంటే వేగంగా వెళ్లి చేసేదేముంది, బడి గంట ఎలాగూ ఎనిమిదిన్నరకి గానీ కొట్టరు.

ఒకరోజు పొద్దున పత్తిలో కలుపు తీయడానికి వెళ్లే ఆడవాళ్ల ఆటో నా ముందు పోతూ పోతూ ఉన్నపళాన ఆగింది. నేను కుర్చీలో కూర్చోబోతున్నట్టు వెనక్కి వాలాను. పెడల్ ఇసుమంత కూడా కుంగలేదు. ఆటో వెనక చేతికందే దూరంలో బండి నిలిచిపోయింది. లోపల్నుంచి ఒకామె తల బయటికి పెట్టింది.

“ఏందమ్మా టీచరమ్మా, రెండో చక్రం ఇంటికాడ మర్చిపోయి వచ్చావా?”

ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వాను. హార్డ్ పెట్టుకోవడం సరైన పనేనని అప్పుడు ఇంకోసారి రూఢి అయింది. ఇంటికొచ్చి ఈ సంగతంతా మా ఆయనకు గొప్పగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఎంత దూరంలో ఆగిందో అడిగారు.

వాన పడితే నేను బండి తీసేదాన్ని కాదు. నల్లరేగడి బురద చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుంటే తీయడానికి పుల్లతో గంట పడుతుంది. ఆ రోజుల్లో బస్సు ఎక్కేదాన్ని. ఒక వానరోజు బడికి వెళ్లాక, నీళ్లు తరగతుల్లోకి వస్తున్నాయని మధ్యాహ్నం పిల్లల్ని పంపించేశారు. మా ఆయనకి పొద్దున భోజనం క్యారియర్ ఇవ్వడం మర్చిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, ఇంటికి వెళ్లి అది తీసుకుని కోల్డ్ స్టోరేజీకి నడిచాను. ఇంట్లో బండి ఉందో లేదో చూడనేలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ భాయి కుర్చీ ఖాళీగా ఉంది. లోపల, లారీల్లోంచి టిక్కీలు దించే రేకుల షెడ్డు కింద మనుషుల మాటలు వినపడ్డాయి. అటు వెళ్లాను.

మా ఆయన గోడకి ఆనుకుని బండి మీద నిలబడి ఉన్నారు. రెండు చేతులూ బార్లా చాచారు. భాయి ఆయన బెల్టు వెనక నుంచి పట్టుకుని ఉన్నాడు. ఆయన కొంచెం వంగారో లేదో బండి గబుక్కున ముందుకు దూకింది, ఆయన వెనక్కి ఒరిగారు, బండి టక్కున ఆగింది, ఆయన ముందుకు తూలి చప్టా మీద మోకాళ్ల మీద పడ్డారు. ప్యాంటు అప్పటికే రెండు చోట్ల చిరిగి ఉంది. లేస్తూ లేస్తూ నన్ను చూశారు.

భాయి బెల్టు వదిలేసి, “నేను టీ చెప్పొస్తా” అని వానలోకి వెళ్లిపోయాడు.

“ఎన్నాళ్ల నుంచి?” అన్నాను.

“వాన పడ్డ రోజుల్లోనే. నువ్వు బస్సులో పోతావుగా.” ఆయన అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నారు. “నేను కొని తెచ్చిన బండి. ఒక్కసారన్నా నడపాలి గదా.”

ఫోన్ తీసి చూశాను. హార్డ్ మీదే ఉంది. ఆయన ఫోన్‌లో కూడా ఆ యాప్ ఉంది, బండి దానికీ కలుస్తుంది.

“ఇది మార్చుకోలేదేంటండీ? కొత్తవాళ్లకి సాఫ్ట్ మంచిదని మీరేగా చదివారు?”

“నువ్వు ముట్టుకోవద్దన్నావుగా.”

కోపంగా అనలేదు. కంప్రెసర్ మీటర్ ఎంత చూపిస్తోందో చెప్పినట్టు మామూలుగా చెప్పారు. ఆ ఆదివారం నేను అన్నది నాకు మధ్యాహ్నానికే పాతబడిపోయింది. ఈయన దాన్ని మూడు నెలలు మోశారు. మోస్తూనే నా సెట్టింగుల మీద పడుతూ లేస్తూ ఉన్నారు.

“తప్పయింది నాది” అన్నాను. “కూర్చోండి. ముందు తినండి.”

టిక్కీలు తూచే కాటా పక్కన కూర్చుని ఆయన తింటుంటే నేను ఆలోచించాను. నాకు ఏది కుదిరిందో అదే ఆయనకూ చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మునివేళ్లు నొక్కండి, నడుము నిటారుగా పెట్టండి అని. ఆ ఆదివారం ఆయన నాకు చేసింది అదే కదా అనిపించి ఆగిపోయాను. డ్రిల్ పీరియడ్‌లో కొత్త పిల్ల వస్తే నేను ముందు మాట్లాడను, ఆ పిల్ల పరిగెత్తడం చూస్తాను. అలాగే ఆయన్ని ఎక్కమని, మాట్లాడకుండా కింద కూర్చుని పాదాలు చూశాను. చెప్పుల్లో ఆయన వేళ్లు కొంకర్లు పోయినట్టు ముడుచుకుని ఉన్నాయి. భయపడ్డ ప్రతిసారీ వేళ్లు బిగుస్తున్నాయి. వేళ్లు బిగిసిన ప్రతిసారీ హార్డ్‌లో ఉన్న బండి దాన్ని ఆజ్ఞ అనుకుని లాగుతోంది. మనిషి కూడా నా కంటే ముప్పై కిలోలు ఎక్కువ.

“కాళ్ల కింద ఎట్టా ఉంది?” అని అడిగాను.

“కొత్తగా వైండింగ్ చేసిన మోటారు లాగా. మీట మీద చెయ్యి వేస్తే చాలు, ఎగురుద్ది.”

మీడియం పెట్టాను. కొంచెం నయమన్నారు. సాఫ్ట్ పెట్టాను. వేగం హద్దు పది దగ్గర ఆపాను. ఆయన గోడ పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊగి చూసుకున్నారు. నన్ను కంగారుపెట్టిన ఆ ఉయ్యాలే ఆయన ముఖంలో బిగువుని సడలించింది.

“ఇది ఆగుతా ఉంది నాకోసం” అన్నారు.

“చెప్పులు విప్పి, కంప్రెసర్ గదిలో ఉన్న మీ కాన్వాసు బూట్లు వేసుకోండి. రేపట్నుంచి నా ప్యాడ్లు కట్టుకోండి. బెల్టు నేను పట్టుకోను.”

“పట్టుకోవా?”

“పట్టుకోను. పక్కన నడుస్తా, అంతే.”

మూడోసారికి ఆయన గోడ వదిలారు. ఒక స్తంభం దాటారు, రెండో స్తంభం దాటారు. నేను పక్కన నడవడం మానేసి ఆగిపోయినా ఆయనకు తెలియలేదు. షెడ్డు చివర దిగి వెనక్కి తిరిగి చూశారు. టీ గ్లాసులతో వస్తున్న భాయి అక్కడే వానలో నిలబడిపోయి, “ఆపరేటర్ గారూ, మీరేనా?” అన్నాడు.

“నేనే!” అని మా ఆయన అరిచిన అరుపు రేకుల కింద మారుమోగింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అంత గట్టిగా అరవడం నేను వినలేదు.

ఇప్పుడు ఆయన ఆదివారాలు చప్టా మీద, సాయంత్రాలు కాలవ గట్టు మీద మొదటి వంతెన దాకా వెళ్లొస్తారు. పదిహేను దాటరు. నేను హార్డ్ పెడతాను, ఆయన సాఫ్ట్ పెడతారు. బండి ఆఖరున పెట్టిందే గుర్తుంచుకుంటుంది కాబట్టి, ఎక్కే ముందు ఎవరిది వాళ్లు చూసుకోవాలి.

మొన్న సోమవారం నేను చూసుకోలేదు. బయల్దేరిన నాలుగు అడుగులకే పాదాల కింద పెడల్ కుంగింది. ఫోన్ సంచి అడుగున ఎక్కడో ఉంది. దిగి తీసి మార్చుకోవచ్చు. కానీ, చూద్దాం, ఈయన దీని మీద ఎలా వెళ్తారో అనుకున్నాను. తొందరపడితే కుంగుతుంది, నిదానిస్తే మెల్లగా లేస్తుంది. పది మీద నడిపాను. మిరప నారు నాటుతున్నవాళ్లు తలెత్తి చూసి మళ్లీ వంగడం, కాలవలో కొంగ అడుగు తీసి అడుగు వేయడం, రోజూ నా పక్కనుంచి జారిపోయేవన్నీ తీరిగ్గా కనిపించాయి. బడికి అయిదు నిమిషాలు ఆలస్యమైంది. హెడ్మిస్ట్రెస్ గారు గేటులోనే ఉన్నారు.

“ఏమ్మా, బండి పాడయిందా?”

“లేదండీ, బాగుంది. మా ఆయన సెట్టింగులో వచ్చాను” అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. నేను చెట్టు కింద బండి దించి, సంచి అడుగు నుంచి ఫోన్ తీసి, మళ్లీ హార్డ్ పెట్టుకున్నాను. సాయంత్రం ఆటల పీరియడ్ అయ్యేసరికి పొద్దుపోతుంది, తొందరగా ఇల్లు చేరాలి.