నాన్న చాపని కాలు

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు కాలికి తగిలిన చిన్న దెబ్బనైనా వదిలేయకూడదని తెలిసీ మా నాన్న వదిలేశారు. టాటానగర్ రైల్వేలో చేసి రిటైరైన మనిషి. డాక్టరు మాట కంటే వేపాకు పసరు మీద నమ్మకమెక్కువ. పోయిన వానాకాలం బొటనవేలు నల్లబడ్డాక గానీ నాకు చూపించలేదు. చెడామడా తిట్టి, ఆటో ఎక్కించి, క్రైస్తవ సిస్టర్లు నడిపే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వేలు తీసేశారు. పుండు రోజూ కడిగి కట్టు కట్టాలనీ, కుళ్ళు పైకి పాకితే పాదమే తీసేయాల్సి వస్తుందనీ డాక్టరు చెప్పారు.

మర్నాడు పొద్దున కట్టు మార్చడానికి ఒక పెద్ద సిస్టరు వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కేరళ మనిషి, మెడలో సిలువ. నాన్న కాలు ముడుచుకున్నారు. ఎంత బతిమాలినా చాపలేదు. నొప్పికి భయమేమో అనుకున్నాను. ఆవిడ పక్క మంచం దగ్గరికి వెళ్ళాక నాన్న నాతో గొణిగారు.

"ఆయమ్మ సన్నేసం పుచ్చుకున్న మనిసి. ఆవిడ కాళ్ళకి మనం మొక్కాల గానీ, ఆవిడ సేత కాలు కడిగించుకుంటామేటి? ఈ పాపం ఏ గంగలో మునిగితే పోతాది?"

నాకు ఒళ్ళు మండింది. పాదం ఊడిపోయేలా ఉంటే పాపపుణ్యాల లెక్కలా! సిగ్గు విడిచి ఆ సంగతి సిస్టరుకే చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు, హితబోధ చేయలేదు. తిరిగొచ్చి నాన్న పక్కన స్టూలు మీద కూర్చుంది. ఏళ్ళ తరబడి రైల్వే క్వార్టర్ల తెలుగు రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆవిడది, అచ్చం మా యాసే.

"బాబూ, ఇది నా వ్రతం. మద్దిలో మీరు ఆపేత్తే పాపం మీకే."

ఒకరి వ్రతం చెడగొట్టడం మా ఇళ్ళలో మామూలు పాపం కాదు. నాన్న చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, కాలు చాపారు.

ఆ తర్వాత రోజూ అదే వరస, ముందు దండం, తర్వాత కాలు. కట్టు కడుతూ ఆవిడ పాత కబుర్లు చెప్పేది. పరాయివాళ్ళ పుళ్ళు ముట్టుకున్న పిల్లకు పెళ్ళి కాదని ఒకప్పుడు ఎవరూ ఆడపిల్లల్ని నర్సు పనికి పంపేవారు కాదట. అప్పుడు పురుళ్ళు పోయడం దగ్గర్నుంచి దుప్పట్లు ఉతకడం, గంజి కాయడం దాకా అన్నీ తన ముందుతరం సిస్టర్లే చేసేవారట. ఇప్పుడు ఆ వార్డు నిండా జార్ఖండ్ పల్లెల నుంచి వచ్చిన నర్సు అమ్మాయిలే. వాళ్ళను చూస్తే నాకు ధైర్యంగా ఉండేది.

ఒకరోజు డాక్టరు పుండు చూసి, ఎర్రటి కొత్త కండ పడుతోందనీ పాదానికి భయం లేదనీ చెప్పారు. అన్నాళ్ళూ కళ్ళు మూసుకునే కట్టించుకున్న నాన్న, ఆ రోజు కళ్ళు తెరిచి ఆవిడ ఒళ్ళో ఉన్న తన పాదాన్ని చూసుకున్నారు.

"మాయమ్మ పోయినకాడ్నించీ నా కాలు ఒల్లో ఎట్టుకున్నోల్లు లేరమ్మా" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. కట్టు ముడి వేయడం అయిపోయినా, సిస్టరు ఆ పాదాన్ని ఇంకాసేపు ఒళ్ళోనే ఉంచుకుంది.